స్థిరాస్తి రచనలో నియతకాలికత: దిల్‌సుఖ్‌నగర్ - ఎల్.బి.నగర్ ప్రాంతాల ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇళ్ళు, స్థలాలు, అపార్ట్‌మెంట్ల గురించి తెలుగులో క్రమం తప్పకుండా వెలువడే సమాచార రచనను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇటువంటి రచనకు నియతకాలికత అవసరమని అందరూ అంగీకరిస్తారు. అయితే దాన్ని సాధారణంగా వారానికి ఇన్ని వ్యాసాలు అనే లెక్కతోనే అర్థం చేసుకుంటున్నారు. హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల్లో 2018 తరువాత వచ్చిన మార్పులను, 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టాన్ని, పంచాంగాన్ని, తెలుగు వాక్యంలోని కాలబోధను ఆధారం చేసుకొని, స్థిరాస్తి రచనలో కొత్త వ్యాసం ఇవ్వడం ఎంత నియమమో పాత వ్యాసాన్ని సవరించడం అంతకన్నా పెద్ద నియమమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్థిరాస్తి రచన, నియతకాలికత, సవరణ, రెరా చట్టం, పంచాంగం, తద్ధర్మార్థకం, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్

1. ఉపోద్ఘాతం

నేటి తెలుగు వచన రూపాల్లో సాహిత్య పరిశోధకుల దృష్టి అంతగా సోకనిది స్థిరాస్తి రచన. దినపత్రికలు వారానికొకసారి ప్రచురించే స్థిరాస్తి పుటలు, నిర్మాణ సంస్థల పరిచయ పత్రాలు, మధ్యవర్తులు తమ ఖాతాదారులకు పంపే సమాచార వ్యాసాలు అన్నీ కలిపి చూస్తే ఈ రచన పరిమాణం తక్కువేమీ కాదు. వీటిని రాసేవారిలో తెలుగు ఎం.ఏ. చదివినవారు, పరిశోధన మధ్యలో ఉపాధి కోసం ఈ పని చేపట్టినవారు కూడా ఉంటున్నారు. కళాశాల పాఠ్యప్రణాళికల్లో ప్రకటన రచన ఒక అంశంగా కనిపించినా, అది చాలాచోట్ల సబ్బు ప్రకటన దగ్గరే ఆగిపోతుంది. సబ్బు గురించి రాసినది నిజం కాకపోతే కొన్నవారికి పోయేది కొద్ది రూపాయలు. స్థలం గురించి రాసినది నిజం కాకపోతే ఒక కుటుంబం ఇరవై ఏళ్ళ పొదుపు పోతుంది. ఈ తేడా వల్లనే ఈ రచనను ప్రత్యేకంగా పరిశీలించవలసి ఉంది.

‘నియతకాలికం’ అన్న మాట మన పత్రికారంగంలో చాలాకాలంగా ఉన్నదే. కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రికను 1908లో బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసులో దినపత్రికగా మార్చారు. సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక 1926లో వారానికి రెండుసార్లు వెలువడే పత్రికగా మొదలైంది. పత్రిక ఎన్ని రోజులకొకసారి వస్తుందన్నది ఆనాడు పాఠకునితో చేసుకున్న ఒడంబడిక. చెప్పిన రోజున రాకపోతే చందాదారు నమ్మకం సడలేది. స్థిరాస్తి రచన చేసేవారు కూడా ఇదే సూత్రాన్ని పాటిస్తున్నారు. ప్రతి శనివారం ఒక వ్యాసం, లేదా నెలకు ఎనిమిది వ్యాసాలు అని లెక్క పెట్టుకొని, ఆ లెక్క నిండిందా లేదా అని చూసుకుంటారు.

అయితే ఇక్కడ ఒక భేదం ఉంది. నిన్నటి వార్తాపత్రికను ఎవరూ ఇవాళ్టి వార్త కోసం చదవరు. పత్రిక పై అంచున తేదీ ఉంటుంది, కాగితం పాతబడడం కంటికి కనిపిస్తుంది. స్థిరాస్తి వ్యాసం అలా కాదు. ఇల్లు కొనదలచిన వ్యక్తి ఒక ప్రాంతం గురించి వెతుకుతూ మూడేళ్ళ కిందటి వ్యాసాన్ని చేరుకుంటాడు. దాన్ని ఇవాళ రాసినదిగానే చదువుతాడు. అంటే ఈ రచనలో పాత సంచికలు నిజంగా పాతవి కావు. అవన్నీ ఒకే రోజున పాఠకుని ముందు ఉంటాయి. కాబట్టి వారం వారం రాయడం ఒక్కటే ఇక్కడ నియతకాలికత అనిపించుకోదు.

2. ప్రాంత నేపథ్యం

ఈ పరిశీలనకు దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలను ఎంచుకోవడానికి కారణం వీటి వయసు. గచ్చిబౌలి, కోకాపేట వైపు రాసే వ్యాసాలు ఎక్కువగా కొత్త నిర్మాణాల గురించినవి. ఇక్కడ ఊరు ముందే ఉంది. పాత కాలనీల్లో రెండు మూడు వందల గజాల్లో కట్టిన ఇళ్ళు, వాటిని పడగొట్టి లేపిన ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు, చేతులు మారుతున్న పాత ఫ్లాట్లు, విద్యార్థి వసతి గృహాలు ఒకే వీధిలో ఉంటాయి. గడ్డిఅన్నారం, ఎల్.బి.నగర్ పురపాలక సంఘాలు 2007లో బృహత్ హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనమయ్యాయి. అంతకు ముందు నాటి అనుమతి పత్రాల మీద పురపాలక సంఘం ముద్ర, తరువాతి వాటి మీద నగరపాలక సంస్థ ముద్ర ఉంటాయి. ఈ ఒక్క సంగతిని పాఠకునికి సరిగా వివరించగలిగితే ఒక మంచి వ్యాసం అవుతుంది. పైగా అది పదేళ్ళయినా చెడదు.

చెడిపోయే వ్యాసాలకు కూడా ఈ ప్రాంతమే మంచి ఉదాహరణ. మియాపూర్ - ఎల్.బి.నగర్ మెట్రో మార్గంలో అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ వరకు ఉన్న భాగం 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైంది. ఆ తేదీకి ముందు రాసిన వ్యాసాల్లో మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ స్టేషన్లు ‘రానున్న’ సౌకర్యాలు. తరువాత అవి ఉన్న సౌకర్యాలు. ఇది సుఖమైన మార్పు, రాసినవారికి నష్టం తేలేదు.

కొత్తపేట పండ్ల మార్కెట్ విషయం అలా కాదు. గడ్డిఅన్నారం మార్కెట్‌గా పేరున్న ఈ మార్కెట్‌ను 2021లో నగరం వెలుపల బాటసింగారానికి తరలించారు. 2022 ఏప్రిల్‌లో ఆ స్థలంలో ‘టిమ్స్’ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. అంతకు ముందు ఆ చుట్టుపక్కల ఇళ్ళ గురించి రాసిన వ్యాసం లారీల రద్దీని, తెల్లవారుజామున మొదలయ్యే వేలం సందడిని, హమాలీలకు, చిరువ్యాపారులకు అద్దెకిచ్చే గదుల గిరాకీని చెప్పి ఉంటుంది. తరలింపుతో ఆ అద్దె లెక్క తలకిందులైంది. శంకుస్థాపనతో మరో లెక్క మొదలైంది. ఆ రెంటి మధ్య కాలంలో పాత వ్యాసం చదివి గదులు కట్టించుకున్న యజమాని పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించవచ్చు.

మూడో ఉదాహరణ నేటికీ తెగనిది. విమానాశ్రయ మెట్రోకు 2022 డిసెంబరు 9న రాయదుర్గం వద్ద శంకుస్థాపన జరిగింది. ఆ నాటి లెక్కలో ఎల్.బి.నగర్‌కు దానితో ప్రత్యక్ష సంబంధం లేదు. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారి, ఆ మార్గాన్ని పునఃపరిశీలించారు. 2024 అక్టోబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన రెండో దశ ప్రణాళికలో విమానాశ్రయ మార్గం నాగోలు, ఎల్.బి.నగర్, చాంద్రాయణగుట్టల మీదుగా ఉంది. ఎల్.బి.నగర్ నుంచి హయత్‌నగర్‌కు సుమారు 7 కిలోమీటర్ల మార్గం కూడా అందులో చేరింది. కేవలం రెండేళ్ళలో ఒకే అంశం మీద మూడు రకాల వ్యాసాలు రాయవలసి వచ్చింది. మూడూ రాసిననాటికి నిజమే. ఇప్పుడు మూడూ పక్కపక్కనే లభిస్తున్నాయి.

3. వ్రాత పాతబడే తీరు

పై ఉదాహరణలను బట్టి చూస్తే స్థిరాస్తి వ్యాసంలోని విషయాలన్నీ ఒకే వేగంతో పాతబడవు. లింకు పత్రాలను ఎలా చదవాలి, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు, ఇంటి ముందు రోడ్డు వెడల్పును ఎలా సరిచూసుకోవాలి వంటివి చాలా నెమ్మదిగా మారతాయి. గజం ధర, నెల అద్దె వంటివి నెలల్లోనే మారతాయి. వీటికి భిన్నంగా మరికొన్ని ఏళ్ళ తరబడి కదలకుండా ఉండి, ఒక్క ఉత్తర్వుతో ఒక్క రోజులో మారిపోతాయి. రచయితను దెబ్బతీసేవి ఈ చివరి రకం విషయాలే.

తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు దీనికి స్పష్టమైన ఉదాహరణ. స్టాంపు డ్యూటీ, ఇతర రుసుములు కలిపి 6 శాతంగా ఉన్నది 2021 జులై 22 నుంచి 7.5 శాతమైంది. అదే రోజున మార్కెట్ విలువలను కూడా సవరించారు. 2022 ఫిబ్రవరి 1 నుంచి ఆ విలువలను మరోసారి పెంచారు. 60 లక్షల రూపాయల ఫ్లాటుకు 6 శాతం చొప్పున 3 లక్షల 60 వేలు అవుతుంది. 7.5 శాతం చొప్పున 4 లక్షల 50 వేలు అవుతుంది. పాత వ్యాసాన్ని నమ్మి లెక్క వేసుకున్న కుటుంబానికి రిజిస్ట్రేషన్ రోజున 90 వేల రూపాయలు తక్కువ పడతాయి. బ్యాంకు రుణం సాధారణంగా ఇంటి విలువను బట్టి మంజూరవుతుంది, ఈ లోటును కొనుగోలుదారు తన చేతినుంచే పూడ్చుకోవాలి. వ్యాసంలో తప్పు ఒక్క అంకె, అదీ రాసిన నాటికి ఒప్పే.

2020 సంవత్సరం ఇంకా తీవ్రమైన పాఠం. ఆ ఏడాది సెప్టెంబరులో రిజిస్ట్రేషన్లు నిలిచిపోయి, వ్యవసాయేతర ఆస్తులకు డిసెంబరులో గాని తిరిగి మొదలు కాలేదు. క్రమబద్ధీకరణ కాని లేఅవుట్లలోని ప్లాట్ల రిజిస్ట్రేషన్‌పై ఆంక్షలు, క్రమబద్ధీకరణ పథకం ప్రకటన కూడా ఆ ఆగస్టులోనే వచ్చాయి. అక్టోబరులో భారీ వర్షాలకు సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలు, చైతన్యపురి పరిసరాలు నీట మునిగాయి. ఆ నాలుగు నెలల్లో ముందుగా వేసుకున్న పట్టిక ప్రకారం ‘ఈ వారం వంటగది అమరిక’ అని రాసినవారు తమ నియమాన్ని తప్పలేదు. కాని పాఠకునికి ఆ వారం కావలసినది వంటగది కాదు. తాను కట్టిన అడ్వాన్సు సంగతి ఏమిటి, ఒప్పందం గడువు పొడిగించాలని ఎలా అడగాలి, నీరు నిలిచిన కాలనీ ఏది అన్నవి అతని ప్రశ్నలు.

నీటి విషయం మరికొంత చెప్పాలి. కాలనీ పరిచయ వ్యాసాల్లో బడులు, ఆసుపత్రులు, దేవాలయాలు, మెట్రో స్టేషన్ల దూరాలు ఉంటాయి. వానాకాలంలో నీరు ఎంత లోతు నిలిచిందో అరుదుగా ఉంటుంది. 2024 సెప్టెంబరులో మూసీ పరివాహక ప్రాంతంలో సర్వే జరిపి చైతన్యపురి తదితర చోట్ల ఇళ్ళకు గుర్తులు పెట్టినప్పుడు పెద్ద ఆందోళన జరిగింది. ‘పూర్తి నీటి మట్టం’, ‘నదీ గర్భం’, ‘బఫర్’ అనే మాటలు అంతవరకు ఇంజనీర్ల కాగితాల్లోనివి. ఆ నెలలో అవి ప్రతి ఇంటి మాటలయ్యాయి. ఏటా జూన్‌లో, వానలకు ముందు, కాలనీ పరిచయ వ్యాసాలన్నింటినీ ఒకసారి తీసి నీటికి సంబంధించిన వాక్యాలను చూసుకోవడం ఈ ప్రాంత రచయితకు వారపు వ్యాసం కన్నా ముఖ్యమైన పని అని నా అభిప్రాయం.

4. చట్టం విధించిన నియతకాలికత

స్థిరాస్తి రచనలో నియతకాలికత కేవలం రచయిత ఇష్టం మీద ఆధారపడినది కాదు. స్థిరాస్తి (నియంత్రణ, అభివృద్ధి) చట్టం, 2016 దాన్ని ఒక బాధ్యతగా చేసింది. తెలంగాణలో దీని నియమావళి 2017లో వెలువడింది. చట్టం 11వ సెక్షన్ ప్రకారం ప్రమోటరు తన ప్రాజెక్టు వివరాలను నియంత్రణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ వేదికలో నమోదు చేసి, ఎన్ని ఫ్లాట్లు లేదా ప్లాట్లు బుక్ అయ్యాయి, ఏ అనుమతులు వచ్చాయి, ఏవి రావలసి ఉన్నాయి, నిర్మాణం ఏ దశలో ఉంది అన్న వివరాలను ప్రతి మూడు నెలలకొకసారి తాజాపరచాలి. చట్టం అడుగుతున్నది మూడు నెలలకొక కొత్త ప్రచార వ్యాసాన్ని కాదు. ఉన్న వివరాన్నే మూడు నెలలకొకసారి సరిదిద్దమంటున్నది. నియతకాలికతకు సవరణే ప్రాణమన్న అవగాహన మన సంపాదకుల కన్నా ముందు శాసనకర్తలకు కలిగిందనుకోవాలి.

ఇదే చట్టం 2వ సెక్షన్‌లో ‘ప్రకటన’ నిర్వచనం చాలా విస్తృతమైనది. ఏ మాధ్యమం ద్వారా అయినా, ఏ రూపంలో అయినా ఒక ప్రాజెక్టు గురించి ప్రజలకు తెలిపేది, కొనమని ఆహ్వానించేది ప్రకటనే. కనుక ఒక ప్రాజెక్టును పరిచయం చేస్తూ సంస్థ తరఫున రాసిన వ్యాసం ‘సమాచార వ్యాసం’ అనే పేరుతో ఉన్నంత మాత్రాన ఈ పరిధి దాటిపోదు. అందులో రిజిస్ట్రేషన్ సంఖ్య, ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ చిరునామా స్పష్టంగా ఉండాలి. ప్రకటనలోని అసత్యాన్ని నమ్మి సొమ్ము కట్టి నష్టపోయినవారికి ప్రమోటరు పరిహారం చెల్లించాలని 12వ సెక్షన్ చెబుతున్నది. వైదొలగదలచినవారికి కట్టిన సొమ్మంతా వడ్డీతో తిరిగి ఇవ్వాలి. రచయిత రాసిన ఒక విశేషణం సంస్థకు ఎంత ఖరీదు కావచ్చో దీన్నిబట్టి తెలుస్తుంది. వ్యాసరచనకు నియోగించే సంస్థలు వారానికి ఎన్ని అని అడిగేటప్పుడు ఈ సెక్షన్‌ను గుర్తుంచుకోవడం వారికే మేలు.

ఇక్కడ మన ప్రాంతానికి ప్రత్యేకమైన సమస్య ఒకటి ఉంది. స్థల విస్తీర్ణం 500 చదరపు మీటర్లు మించని, లేదా ఫ్లాట్ల సంఖ్య 8 దాటని ప్రాజెక్టులకు 3వ సెక్షన్ నమోదు నుంచి మినహాయింపు ఇస్తుంది. 500 చదరపు మీటర్లంటే దాదాపు 598 గజాలు. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, చైతన్యపురి కాలనీల్లో పాత ఇల్లు పడగొట్టి కట్టే అపార్ట్‌మెంట్లు చాలావరకు ఇంతకన్నా చిన్న స్థలాల్లోనివే. కోకాపేటలో ముప్ఫై అంతస్తుల భవనం గురించి మూడు నెలలకొకసారి అధికారిక సమాచారం దొరుకుతుంది. చైతన్యపురిలో మూడు వందల గజాల్లో లేచే ఐదంతస్తుల భవనం గురించి అటువంటిదేదీ దొరకదు. మధ్యతరగతి ఎక్కువగా కొనేది రెండోదాన్ని. ఈ ఖాళీలో కొనుగోలుదారుకు మిగిలేది నగరపాలక సంస్థ అనుమతి పత్రం, న్యాయవాది సలహా, తెలిసినవారి మాట, ఈ రకమైన వ్యాసాలు. చట్టం అడగని చోట రచయిత తనంతట తానే మూడు నెలల నియమాన్ని పెట్టుకోవడం ఉచితం.

మినహాయింపు ఉన్నదని రాసేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. ‘రెరా అవసరం లేదు’ అని చిన్న భవనాల ప్రచారంలో రాస్తుంటారు. నమోదు అవసరం లేకపోవడమంటే భవన అనుమతి అవసరం లేకపోవడం కాదు. ఆ వాక్యం చదివిన సామాన్య పాఠకునికి ఈ రెండూ ఒకటిగానే వినిపిస్తాయి.

5. పంచాంగం, విద్యా సంవత్సరం

కొత్త వ్యాసాలు ఏ క్రమంలో ఇవ్వాలన్న ప్రశ్నకు ఈ ప్రాంతంలో రెండు కాలపట్టికలు ఇప్పటికే ఉన్నాయి. మొదటిది పంచాంగం. రిజిస్ట్రేషన్‌కు చట్టరీత్యా ముహూర్తంతో పని లేదు. అయినా ఆషాఢంలో, మౌఢ్యంలో అడ్వాన్సు ఇవ్వడానికి చాలా కుటుంబాలు వెనుకాడతాయి. శ్రావణం రాగానే కదలిక మొదలై దసరాకు పుంజుకుంటుంది. ధనుర్మాసంలో మళ్ళీ మందగిస్తుంది. మాఘ, వైశాఖాలు గృహప్రవేశాల కాలం.

ఆంగ్ల నెలలతో స్థిరమైన వార్షిక పట్టిక వేసుకున్నవారికి ఇది చిక్కు తెస్తుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది. జూన్ మూడోవారంలో మొదలైన ఆషాఢం తరువాత అధికమాసం చేరడంతో నిజ శ్రావణం ఆగస్టు 17న గాని మొదలు కాలేదు. అంతకు ముందు ఏడాది జులై చివరికే శ్రావణం వచ్చింది. 2024 వేసవిలో గురు, శుక్ర మౌఢ్యాలు దగ్గర దగ్గరగా రావడంతో ఏప్రిల్ నెలాఖరు నుంచి జులై మొదటి వారం వరకు ముహూర్తాలు కొరవడ్డాయి. ‘మే నెల గృహప్రవేశాల సందడి’ అని మునుపటి ఏటి పట్టికను అనుసరించి రాసిన వ్యాసం ఆ ఏడు పరిహాసాస్పదమై ఉంటుంది. పట్టిక వేసుకొనేవారు ఉగాదినాడే కొత్త పంచాంగం తెరవాలి. ముహూర్తాల మీద నమ్మకం ఉన్నా లేకపోయినా రచయితకు ఇది అవసరం, ఎందుకంటే పాఠకుడు ఆ పంచాంగం ప్రకారమే కదులుతాడు.

మందకొడి నెలలను సెలవుగా భావించడం పొరపాటు. ఆషాఢంలో కొనకపోయినా చదువుతారు. పత్రాలు సరిచూసుకోవడం, రుణానికి దరఖాస్తు చేయడం, నాలుగు కాలనీలు తిరిగి చూడడం వంటి పనులు ఆ నెలలోనే జరుగుతాయి. పత్రాల పరిశీలన, చట్ట వివరణ వంటి నిదానమైన వ్యాసాలకు ఆషాఢం, ధనుర్మాసం తగిన కాలం. ధరల వ్యాసాలు శ్రావణానికి రెండు వారాల ముందు రావాలి, శ్రావణంలో కాదు.

రెండోది విద్యా సంవత్సరం, పోటీ పరీక్షల కాలం. దిల్‌సుఖ్‌నగర్ శిక్షణ కేంద్రాలకు, వసతి గృహాలకు పేరు పొందింది. జూన్‌లో బడులు తెరిచేలోపు కుటుంబాలు ఇళ్ళు మారతాయి కనుక అద్దె వ్యాసాలకు ఏప్రిల్, మే నెలలు సరైనవి. వసతి గృహాల గిరాకీ మాత్రం నెలల మీద కాక నోటిఫికేషన్ల మీద ఆధారపడి ఉంటుంది. 2022 మార్చి 9న శాసనసభలో 80 వేల ఉద్యోగాల భర్తీ ప్రకటన వచ్చింది. ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ వెలువడింది. ఆ వేసవిలో ఈ వీధుల్లో గది దొరకడం కష్టమైంది. ఆ పరీక్ష రెండుసార్లు రద్దయి, 2024 ఫిబ్రవరిలో కొత్త నోటిఫికేషన్ వచ్చేదాకా అనిశ్చితి సాగింది. తమ జీవితాల్లో రెండేళ్ళు ఇరుకు గదుల్లో గడిపిన అభ్యర్థుల కష్టం వేరే వ్యాసానికి వస్తువు. ఇక్కడ చెప్పవలసినది ఇది: 2022 వేసవి అద్దెల ఆధారంగా ‘వసతి గృహం కట్టిస్తే ఇంత రాబడి’ అని లెక్క వేసిన వ్యాసం ఆ తేదీని, ఆ సందర్భాన్ని చెప్పకపోతే అది లెక్క కాదు.

6. రచయిత పని క్రమం

ఒక్కరే రాసే సందర్భాన్ని తీసుకుందాం. స్థలం చూడడం, పత్రం చదవడం, ఇద్దరు ముగ్గురిని అడగడం చేసి ఒక నమ్మదగిన వ్యాసం రాయడానికి వారం పడుతుంది. వారానికి మూడు రాస్తానని ఒప్పుకున్నవారు మూడింటిలో రెండు ఎక్కడినుంచో తెచ్చి మాటలు మార్చక తప్పదు. అందువల్ల నెలకు రెండు కొత్త వ్యాసాలు, రెండు సవరణలు అన్నది ఒక్కరు మోయగల బరువు. సవరణను కూడా కొత్త వ్యాసంతో సమానంగా, తేదీ వేసి, ఏమి మారిందో పై భాగంలో రెండు వాక్యాల్లో చెప్పి ప్రచురించాలి. పాత అంకెను తుడిచివేయకుండా కొత్త అంకె పక్కన ఉంచితే మరో మేలు ఉంది. గజం ధర మూడేళ్ళలో ఎలా కదిలిందో పాఠకునికి అక్కడే కనిపిస్తుంది.

దీనికి పెద్ద సాధనాలేవీ అక్కరలేదు, ఒక నోటు పుస్తకం చాలు. వ్యాసం పేరు, రాసిన తేదీ, అందులో పాతబడే వాక్యాలు ఏవి, ఏ సంఘటన జరిగితే అవి చెడతాయి, మళ్ళీ ఎప్పుడు చూడాలి అన్నవి అందులో రాసుకోవాలి. ఏ సంఘటన జరిగితే చెడతాయన్నది వీటిలో ముఖ్యం. ‘మార్కెట్ విలువల సవరణ’ అన్న పదం కింద పదకొండు వ్యాసాల పేర్లు ఉన్నాయనుకోండి, ఉత్తర్వు వచ్చిన రోజున ఏ పదకొండు తెరవాలో వెంటనే తెలుస్తుంది. వెతుక్కోనక్కరలేదు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి అమలులోకి వచ్చినప్పుడు ‘ధరణి’ అన్న మాట ఉన్న ప్రతి వ్యాసమూ ఇలా తెరవవలసినదే అయింది.

జ్వరం వస్తుంది, పరీక్ష పేపర్లు దిద్దవలసి వస్తుంది, ఇంట్లో పెళ్ళి ఉంటుంది. అటువంటి వారాలకు నాలుగైదు నిలవ వ్యాసాలు ముందే సిద్ధం చేసుకోవాలి. నిలవకు పనికివచ్చేవి నెమ్మదిగా పాతబడే విషయాలే, ఆవకాయ నిలవ ఉంటుంది కాని పెరుగుపచ్చడి ఉండదు. ధరల వ్యాసాన్ని నిలవ పెట్టిన సందర్భాలు తరచుగా కనిపిస్తాయి. అది విడుదలయ్యే నాటికే పాతది.

ఆలస్యం ఉంటే దాన్ని చెప్పడంలో తప్పు లేదు. జాతీయ గృహ బ్యాంకు 2007లో ప్రారంభించిన ‘రెసిడెక్స్’ గృహ ధరల సూచీ మూడు నెలలకొకసారి వెలువడుతుంది. అమెరికాలో ప్రసిద్ధమైన కేస్-షిల్లర్ సూచీ ప్రతి నెల చివరి మంగళవారం వస్తుంది, కాని అందులోని అంకెలు రెండు నెలల కిందటివి. ఈ సంగతిని వారు దాచరు. నియమిత దినాన వస్తుంది, ఏ కాలానిదో చెబుతుంది. పాఠకులు ఆ సూచీ మీద ఆధారపడడానికి ఈ రెండూ కారణమే.

7. తెలుగు వాక్యంలో కాలం

తెలుగు అధ్యాపకులకు, పరిశోధకులకు ఆసక్తి కలిగించే భాగం ఇది. స్థిరాస్తి రచనలో వాక్యాన్ని పాతబడనీయకుండా, లేదా పాతబడినట్టు తెలియనీయకుండా చేసేవి కొన్ని భాషా రూపాలు.

‘మెట్రో వచ్చే ప్రాంతం’ అన్న పదబంధాన్ని తీసుకుందాం. ‘వచ్చే’ అన్నది మన వ్యాకరణాలు తద్ధర్మార్థకమని పిలిచే రూపం. ఆధునిక వ్యవహారంలో ఇది అలవాటునూ భవిష్యత్తునూ రెంటినీ చెబుతుంది. ‘రోజూ పాలు తెచ్చే అబ్బాయి’లో ఉన్నది అలవాటు. ‘రేపు వచ్చే చుట్టాలు’లో ఉన్నది భవిష్యత్తు. ‘మెట్రో వచ్చే ప్రాంతం’లో ఏది? దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నవారు చదివితే మొదటిది, హయత్‌నగర్‌లో స్థలం అమ్మేవారు రాస్తే రెండోది. కొనేవారు ఏ అర్థంలో తీసుకుంటారో చెప్పలేం. ‘వచ్చిన’, ‘రానున్న’ అన్న రూపాలు భాషలో సిద్ధంగా ఉండగా ‘వచ్చే’ని వాడడం నిర్లక్ష్యమైనా కావచ్చు, నేర్పయినా కావచ్చు.

‘రానున్న’ కూడా నిర్దోషి కాదు. అది భవిష్యత్తును చెబుతుంది గాని ఎక్కడినుంచి కొలిచిన భవిష్యత్తో చెప్పదు. ‘త్వరలో’, ‘వచ్చే ఏడాది’, ‘ఇటీవల’, ‘ప్రస్తుతం’ అన్నవన్నీ రాసిన క్షణానికి కట్టుబడిన మాటలు. పాఠకుడు మాత్రం వాటిని చదివిన క్షణానికి కట్టుకుంటాడు. ‘వచ్చే ఏడాది ఫ్లైఓవర్ పూర్తవుతుంది’ అన్న వాక్యం ఎన్నేళ్ళ తరువాత చదివినా వచ్చే ఏడాదినే చూపిస్తుంది. ఎల్.బి.నగర్ కూడలిలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు 2018 నుంచి దశలవారీగా తెరుచుకున్నాయి. కుడివైపు ఫ్లైఓవర్ 2023 మార్చిలో ప్రారంభమైంది. కూడలిలో రద్దీ గురించి 2017లో ‘ప్రస్తుతం’ అని రాసిన వాక్యం నేటి కూడలిని వర్ణించదు.

స్థలవాచకాలకూ ఇదే గతి. ‘మెట్రోకు ఐదు నిమిషాల దూరం’ అన్నది దూరాన్ని కాలంతో కొలవడం. నడకనా, బండి మీదనా, ఉదయం తొమ్మిది గంటలకా, రాత్రి పదకొండుకా అన్నది లేదు. ‘విక్టోరియా మెమోరియల్ స్టేషన్ నుంచి 900 మీటర్లు’ అని రాస్తే కాలం మారినా చెడదు. ‘పాత పండ్ల మార్కెట్ ఎదుట’ వంటి గుర్తులు మరో రకం. మార్కెట్ పోయినా గుర్తు వ్యవహారంలో నిలుస్తుంది కనుక ‘పాత’ అన్న విశేషణం అక్కడ ఒక చరిత్రను మోస్తున్నది. అటువంటి విశేషణాన్ని చేర్చడం కూడా సవరణే.

‘ప్రతిపాదిత’ అన్న సంస్కృత విశేషణం గౌరవంగా వినిపిస్తుంది. ఎవరు ప్రతిపాదించారు, ఎప్పుడు, ఏ దశలో ఉన్నది అన్న మూడు ప్రశ్నలను అది ఒక్కసారిగా మింగేస్తుంది. ‘ప్రతిపాదిత మెట్రో మార్గానికి సమీపంలో’ అని రాసిన చోట, ‘ఎల్.బి.నగర్ - హయత్‌నగర్ మార్గానికి రాష్ట్ర మంత్రివర్గం 2024 అక్టోబరులో ఆమోదం తెలిపింది, 2024 నవంబరు నాటికి కేంద్రం అనుమతి రాలేదు’ అని రాయవచ్చు. వాక్యం పొడవవుతుంది, ఆకర్షణ తగ్గుతుంది. అయితే ఈ వాక్యం ఎన్నేళ్ళ తరువాత చదివినా అబద్ధం కాదు. నోటు పుస్తకంలో దాని ఎదుట ‘కేంద్ర అనుమతి’ అని రాసుకుంటే, ఏ రోజున దాన్ని మళ్ళీ తెరవాలో కూడా ఆ వాక్యమే చెబుతుంది.